కీలెస్ కారుకి స్పేర్ కీ: ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

మా బావని రైలెక్కించి వెనక్కి వస్తూ దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాను. మాది కీలెస్ కారు, అంటే కీ జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కగానే స్టార్టవుతుంది. ఇంజను ఆపి పెట్రోలు కొట్టించి మళ్లీ బటన్ నొక్కితే కారు ఉలకదు, పలకదు. మీటర్ల మధ్యలో కీ బొమ్మ ఒకటి మిణుకు మిణుకుమంటోంది. చొక్కా జేబు, ప్యాంటు జేబు, సీటు కింద, మ్యాట్ కింద అన్నీ వెతికాక అప్పుడు వెలిగింది. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు కారు నడిపింది బావ. కీ బావ జేబులో ఉంది. బావ రైల్లో ఉన్నాడు. స్టేషన్ దగ్గర నేను డ్రైవింగ్ సీట్లోకి మారి కదిలినప్పుడు కారు రెండు మూడుసార్లు బీప్‌మన్న మాట నిజమే. సీటు బెల్టు కోసం మొత్తుకుంటోంది అనుకున్నాను.

ఫోన్ చేస్తే "అయ్యో బావా, నా జేబులోనే ఉంది కదా!" అన్నాడు తాపీగా.

ఇంట్లో స్పేర్ కీ ఉంది, బీరువాలో. బీరువాలో ఎక్కడుందో ఫోన్లో చెప్పడానికి ఇరవై నిమిషాలు, తమ్ముడు దాన్ని బండి మీద తేవడానికి ఇంకో నలభై. తీరా చూస్తే ఆ కీలో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. నాకు నిజంగా టెన్షన్ మొదలైంది అప్పుడే. బంకులో పనిచేసే కుర్రాడు ఇదంతా చూస్తూ ఉన్నాడు కాబోలు, వచ్చి "కీని ఆ స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కండి సార్" అన్నాడు. నొక్కాను. స్టార్టయింది.

బ్యాటరీ చచ్చిన కీతో కారు ఎలా స్టార్టయింది? దీనికి జవాబు తెలిస్తే స్పేర్ కీని ఎక్కడ పెట్టాలో, ఎలా పెట్టాలో సగం తేలిపోతుంది.

ఒక కీలో మూడు కీలు

చేతిలో చూడటానికి ఒకే ప్లాస్టిక్ ముక్క. లోపల మాత్రం ఒకదానితో ఒకటి పనిలేని మూడు వస్తువులున్నాయి.

మొదటిది రేడియో. మీరు హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే తలుపులో ఉన్న యాంటెన్నా ఒక పిలుపు పంపుతుంది. చాలా కార్లలో అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మీటరు లేదా మీటరున్నర దాటి పోదు. ఆ పిలుపు విన్న కీ తన కోడ్‌ని 433.92 మెగాహెర్ట్జ్ మీద తిరిగి పంపుతుంది. ఉత్తర అమెరికా, జపాన్ మార్కెట్లకి తయారైన కార్లలో ఎక్కువగా ఇది 315 మెగాహెర్ట్జ్. కోడ్ సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. దూరం నుంచి బటన్ నొక్కి తెరిచేదీ ఈ రేడియోనే. బ్యాటరీ కావలసింది దీనికొక్కదానికే.

రెండోది ఇమ్మొబిలైజర్ చిప్, అంటే ఇది సరైన కీయేనని కారు గుర్తుపడితే తప్ప ఇంజను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు. దీనికి బ్యాటరీతో సంబంధం లేదు. కారులో ఒకచోట తీగచుట్ట ఉంటుంది. కీని దానికి ఆనించినంత దగ్గరగా తెస్తే ఆ చుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే చిప్ తనకి కావలసిన కరెంటు తీసుకుని కారుకి జవాబు చెబుతుంది. బంకులో నన్ను గట్టెక్కించింది ఇదే.

మూడోది మామూలు ఇనప తాళంచెవి. కీ పక్కనో వెనకో ఉన్న చిన్న మీటని జరిపితే బయటికి వస్తుంది. కారు కొని ఏళ్లయినా దాన్ని ఒక్కసారీ బయటికి లాగి చూడనివాళ్లు బోలెడుమంది. ఆ రోజు వరకూ నేనూ అంతే.

కాబట్టి స్పేర్ కీ దాచడమంటే మూడింటినీ దాచడం. ఇందులో రేడియో ఎప్పుడూ చెవులు రిక్కించి వింటూ ఉంటుంది. బీరువాలో ఉన్నా వింటుంది. దాని వల్లే బ్యాటరీ అయిపోతుంది, దాని వల్లే దొంగతనాలూ జరుగుతాయి. మిగతా రెండూ పిలిస్తే తప్ప పలకవు. స్పేర్ కీ విషయంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే: రేడియోని నిద్రపుచ్చండి, చిప్‌నీ తాళంచెవినీ అందుబాటులో ఉంచుకోండి.

మొదటి అడుగు: ఉన్నవెన్నో లెక్క చూసుకోండి

కొత్త కారుతో మామూలుగా రెండు కీలు ఇస్తారు. వాటితోపాటు నంబరు చెక్కిన చిన్న రేకు బిళ్లో ప్లాస్టిక్ ట్యాగో ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని కీచెయిన్‌కే వదిలేస్తారు, లేదంటే కవర్‌తోపాటు పారేస్తారు. ఆ నంబరు ఉంటే తాళంచెవి చేతిలో లేకపోయినా కొత్తది కోయించుకోవచ్చు. మీకే కాదు, ఆ నంబరు ఎవరికి దొరికినా అంతే. కాబట్టి కీచెయిన్ నుంచి విప్పి ఇంట్లో కారు కాగితాలతో పెట్టండి. డ్యాష్‌బోర్డ్ అరలో వద్దు.

సెకండ్ హ్యాండ్ కారైతే ఇంకో పని ఉంది. పాత ఓనరు ఇచ్చినవి రెండే కావచ్చు, కారు గుర్తుపెట్టుకున్నవి మూడో నాలుగో ఉండొచ్చు. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి ఎన్ని కీలు నమోదయ్యాయో చూస్తారు. మీ చేతిలో లేనివాటిని తీసేయించండి. అలా తీసేసిన కీతో కారు స్టార్ట్ కాదు. కానీ దాని ఇనప తాళంచెవి తలుపు తీస్తూనే ఉంటుంది, దాన్ని ఆపాలంటే తాళమే మార్చాలి.

కారు దొంగతనం జరిగి క్లెయిమ్ చేస్తే బీమా కంపెనీలు చాలావరకు అన్ని కీలూ తెచ్చి చూపించమంటాయి. ఒకటి పోయిన సంగతి ముందే చెప్పకపోతే అప్పుడు సంజాయిషీ చెప్పుకోవడం కష్టం.

రెండో అడుగు: బ్యాటరీ లేకుండా ఒకసారి రిహార్సల్

ఈ గైడ్‌లో ఏదైనా ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. పావుగంట పని. పగటిపూట, తీరిగ్గా, ఇంటి ముందే. మామూలు కీని ఇంట్లో వేరే మనిషికి ఇచ్చి లోపలే ఉండమనండి. స్పేర్ కీలోంచి బ్యాటరీ తీసేసి, లాక్ చేసి ఉన్న కారు దగ్గరికి వెళ్లండి.

ముందు తాళంచెవిని బయటికి తీయండి. ఇప్పుడు తాళం కన్నం వెతకాలి. డ్రైవర్ తలుపుకే ఉంటుంది. చాలా కార్లలో పైకి కనబడదు. హ్యాండిల్ చివర కదలని భాగం ఒకటి ఉంటుంది, కారు రంగులోనే. అది నిజానికి మూత. దాని అడుగున వేలితో తడిమితే చిన్న సందు తగులుతుంది. తాళంచెవి మొనని ఆ సందులో పెట్టి పైకి తేలిగ్గా ఎత్తితే మూత టప్‌మని ఊడి వస్తుంది. కొన్ని కార్లలో హ్యాండిల్‌ని బయటికి లాగి పట్టుకుని ఈ పని చేయాలి. మొదటిసారి రంగు గీసుకుపోతుంది, అందుకే మొనకి పల్చటి గుడ్డ చుట్టండి. అదే అర్ధరాత్రి వానలో, ఫోన్ లైటు నోట్లో కరుచుకుని చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఏళ్ల తరబడి తిప్పని తాళం బిగుసుకుని ఉంటుంది. బలవంతంగా తిప్పకండి, సన్నటి తాళంచెవి లోపలే విరిగితే ఇంకో తలనొప్పి. నూనె పోయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. తాళాల కోసం అమ్మే గ్రాఫైట్ పొడి కొద్దిగా వేసి, నాలుగైదుసార్లు తాళంచెవిని లోపలికీ బయటికీ ఆడిస్తే వదులవుతుంది.

తలుపు తెరవగానే సైరన్ మోగొచ్చు. కీ రేడియో నుంచి కబురు లేకుండా తలుపు తెరిచారు కాబట్టి మిమ్మల్ని దొంగ అనుకుంటుంది. వీధంతా కిటికీలు తెరిచి చూస్తుంది, చూడనివ్వండి. సీట్లో కూర్చుని, ఆటోమేటిక్ అయితే బ్రేకు, గేర్ల కారైతే క్లచ్ తొక్కి, కీని ఆనించాల్సిన చోట ఆనించి స్టార్ట్ చేయండి. కారు కీని గుర్తుపట్టాక సైరన్ ఆగుతుంది.

ఆ ‘ఆనించాల్సిన చోటు’ ఏదన్నదే చిక్కు. టొయోటా, హ్యుందాయ్, కియా కార్లలో చాలావాటికి స్టార్ట్ బటనే ఆ చోటు. ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ మోడళ్లు కొన్నింటిలో స్టీరింగ్ కింది భాగానికి పక్కగా గుర్తు ఉంటుంది. ఇంకొన్నింటిలో గేర్ పక్కన ఉన్న అర అడుగున, లేదా కప్పు పెట్టుకునే గుంటలో. ఓనర్స్ మాన్యువల్‌లో బ్యాటరీ అయిపోయిన కీ గురించి ఒక పేజీ తప్పకుండా ఉంటుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మాన్యువల్ కారులోనే ఉంటుంది, మీరేమో బయట నిలబడి ఉంటారు.

ఈ రిహార్సల్ ఇంకో ఆపదలోనూ పనికొస్తుంది. కారు పెద్ద బ్యాటరీ పూర్తిగా దిగిపోతే కీలో బ్యాటరీ ఎంత కొత్తదైనా ఉపయోగం లేదు, ఎందుకంటే అటువైపు వినేవాళ్లే లేరు. తాళంచెవితో డ్రైవర్ తలుపు తీసి, లోపల ఉన్న లీవర్ లాగి బానెట్ ఎత్తితేనే వేరే కారుతో జంప్ స్టార్ట్ చేయించగలరు.

మూడో అడుగు: రేడియోని నిద్రపుచ్చడం

ఎందుకు నిద్రపుచ్చాలో ముందు చెబుతాను. తలుపులో యాంటెన్నా పంపే పిలుపు మీటరున్నర దాటదు అన్నాను కదా. దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడు కారు హ్యాండిల్ దగ్గర ఒక పెట్టెతో నిలబడతాడు, రెండోవాడు ఇంకో పెట్టెతో మీ ఇంటి గోడ పక్కన, కీ ఉండొచ్చనుకున్న చోటికి దగ్గరగా. మొదటి పెట్టె కారు పిలుపుని అందుకుని రెండోదానికి పంపుతుంది, అది గోడ అవతల ఉన్న కీకి వినిపిస్తుంది. కీ తన యజమాని కారు పక్కనే ఉన్నాడనుకుని జవాబిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, అదే ఉపాయంతో ఇంజనూ స్టార్టవుతుంది. కోడ్‌ని ఛేదించాల్సిన పనే లేదు, దూరాన్ని మాయ చేస్తే చాలు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద దీన్ని చేసి చూపించారు. పదీ లొంగిపోయాయి. ఆ తర్వాత వచ్చిన కార్లలో కొన్నింటికి రక్షణలు పెట్టారు. కీ కాసేపు కదలకుండా ఉంటే తనంతట తానే మూగబోవడం వాటిలో ఒకటి. మీ కీకి అది ఉందో లేదో మాన్యువల్ చెబుతుంది.

రోజూ వాడే కీ గురించి మనం కొంతైనా జాగ్రత్తగా ఉంటాం. ఏడాదికోసారి గుర్తొచ్చే స్పేర్ కీ గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ, అడిగినవాడికల్లా జవాబిస్తూ ఉంటుంది.

నిద్రపుచ్చడానికి మూడు దారులున్నాయి. అన్నిటికన్నా సులువైంది కీలోనే ఉన్న పవర్ సేవింగ్. టొయోటా స్మార్ట్ కీల్లో చాలావాటికి ఇది ఉంది: లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ బటన్ రెండుసార్లు నొక్కితే కీ మీది చిన్న లైటు నాలుగుసార్లు వెలుగుతుంది. ఇక హ్యాండిల్ పిలుపుకి అది పలకదు, ఏదైనా బటన్ నొక్కితే మళ్లీ లేస్తుంది. వేరే కంపెనీల్లో కొన్ని ఇలాంటి సదుపాయం ఇస్తాయి, నొక్కే పద్ధతి వేరు.

రెండోది ఫారడే పర్సు. 1836లో మైకేల్ ఫారడే చూపించిన సూత్రమే, చుట్టూ లోహపు అల్లిక ఉంటే రేడియో తరంగాలు లోపలికి రావు. కొన్న పర్సు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి కీ అందులో పెట్టి, మూత మూసి, కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగండి. తలుపు తెరుచుకుంటే పర్సు దండగ. మొదట పనిచేసినవి కూడా మడతల దగ్గర అల్లిక తెగి కొన్నాళ్లకి తరంగాల్ని ఆపలేకపోతాయి, అందుకని అప్పుడప్పుడు మళ్లీ ఇదే పరీక్ష పెట్టాలి. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు నాలుగు పొరలు చుట్టినా పని జరుగుతుంది గానీ, రెండుసార్లు విప్పి చుట్టేసరికి చిరుగుతుంది.

మూడోది నేను పాటించేది: బ్యాటరీ తీసేయడం. బ్యాటరీ లేని కీ ఏ పిలుపుకీ జవాబివ్వదు, దొంగల పెట్టెలకి అందులో దొరికేదేమీ లేదు. బీరువాలో పడి బ్యాటరీ చచ్చిపోయే సమస్యా ఉండదు. తాళంచెవితో తలుపు తీయొచ్చు, చిప్‌తో స్టార్ట్ చేయొచ్చు. కీ పక్కనే కొత్త బ్యాటరీని ప్యాకెట్ చింపకుండా పెట్టండి. కీల్లో వేసే బిళ్లలాంటి ఈ లిథియం బ్యాటరీలు (బటన్ సెల్స్) ప్యాకెట్లో ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. ‘బ్యాటరీ తీస్తే ప్రోగ్రామింగ్ పోతుంది’ అని చాలామంది భయపెడతారు. పోదు. కీ కోడ్ ఉండే మెమరీకి కరెంటు అక్కర్లేదు. కొన్ని పాత మోడళ్లలో మాత్రం బ్యాటరీ మార్చాక దూరం నుంచి తెరిచే బటన్లు కారుతో మళ్లీ కలిపించుకోవాలి, ఆ పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. రెండో అడుగులో చెప్పిన రిహార్సల్ చేసి చూశాకే ఈ దారి పట్టండి.

నాలుగో అడుగు: చోటు

కారులో వద్దు. డ్యాష్‌బోర్డ్ అరలో, డిక్కీలో స్టెప్నీ కింద, సీటు కవర్ లోపల, ఎక్కడా వద్దు. బ్యాటరీ ఉన్న కీ లోపలుంటే కొన్ని కార్లు లాక్ కావు, గోల చేస్తాయి. లాకైన వాటిలోనూ కీ, కారు రాత్రంతా ఒకదాన్నొకటి పలకరించుకుంటూ రెండు బ్యాటరీలూ తాగేస్తాయి. ఎండలో నిలిపిన కారు వేడికి బటన్ సెల్ అదనంగా చెడుతుంది. బ్యాటరీ తీసి పెట్టినా, అద్దం పగలగొట్టినవాడికి కారు స్టార్ట్ చేసే చిప్ చేతికిచ్చినట్టే.

బంపర్ కింద అయస్కాంతం పెట్టెలో దాచే పాత అలవాటు ఇనప తాళాల కాలానిది. ఈ కీని బ్యాటరీతో అక్కడ పెడితే, దారిన పోయేవాడు హ్యాండిల్ లాగినా తలుపు తెరుచుకోవచ్చు. పైగా ఇప్పటి బంపర్లు ప్లాస్టిక్, అయస్కాంతం అంటుకోదు. అంటుకునే చోటు వెతికి పెట్టినా గతుకుల్లో ఎక్కడ జారిపోయిందో ఎవరికీ తెలీదు.

ఇంట్లో పెడితే కారు నిలిపే చోటికి దూరంగా, వీధి గోడకీ గుమ్మానికీ కాకుండా లోపలి గదిలో. బ్యాటరీ తీయకుండా దాచేవాళ్లకి ఇంకో మాట. టీవీ, కంప్యూటర్, వైర్‌లెస్ చార్జర్ పక్కన పెట్టకండి. వాటి నుంచి వచ్చే తరంగాలకి కీ ఊరికే మేల్కొంటూ ఉంటుంది, బ్యాటరీ చూస్తుండగానే అయిపోతుంది.

నా మటుకు నాకు ఇల్లు కూడా రెండో ఎంపికే. మీరు ఇల్లు తాళం వేసి ఊరెళ్లినప్పుడు కీ పోతే ఇంట్లో ఉన్న స్పేర్ కీ ఉన్నా లేనట్టే. దగ్గర్లో ఉంటూ, ఫోన్ ఎత్తే అలవాటున్న మనిషి దగ్గర ఉండాలి. ఫోన్ ఎత్తే అలవాటు అన్నది చాలా ముఖ్యం. కీతోపాటు ఒక చీటీ కూడా ఇవ్వండి: తాళంచెవి ఎలా తీయాలి, కన్నం ఎక్కడుంది, కీ ఎక్కడ ఆనించాలి, సైరన్ మోగితే ఏం చేయాలి. కారు నంబరు మాత్రం ఆ చీటీలో రాయకండి. ఎక్కడైనా పడిపోతే దొరికినవాడికి ఏ కారుదో తెలియకూడదు.

తలుపు మాత్రమే తీసే కీ

కీ పూర్తిగా పోవడం అరుదు. ఎక్కువగా జరిగేది కీ లోపల ఉండిపోయి తలుపులకి లాక్ పడిపోవడం. కీ లోపలుంటే కారు లాక్ కాదు కదా అనుకుంటాం. కీ చుట్టూ లోహం ఉంటే, అంటే ల్యాప్‌టాప్ కిందో, డిక్కీలో రేకు డబ్బా పక్కనో పడి ఉంటే, కారుకి అది కనబడకపోవచ్చు. ఫారడే పర్సులో పెట్టిన కీని బ్యాగులో వేసి, ఆ బ్యాగుని డిక్కీలో పడేస్తే మరీ గ్యారంటీగా కనబడదు.

దీనికి మంచి విరుగుడు, చిప్ లేని ఉత్త తాళంచెవి ఒకటి కోయించుకోవడం. దానితో తలుపు తెరుచుకుంటుంది, కారు స్టార్ట్ కాదు. పోగొట్టుకున్నా కారు పోదు. పక్కలకి గాడి కోసే రకం తాళంచెవులకి ఆ మెషిన్ ఉన్న చోటే చేయించాలి. చేయించిన రోజే తలుపులో పెట్టి తిప్పి చూసుకోండి. ఇది పర్సులో ఉంటే చాలు, లోపల ఉండిపోయిన అసలు కీని మీరే తీసుకోవచ్చు. డ్రైవర్ తలుపుకి కన్నమే లేని కార్లూ వస్తున్నాయి, వాటికి ఈ ఉపాయం చెల్లదు.

దూరప్రయాణాల్లో

రెండు కీలూ వెంట తీసుకెళ్లేటప్పుడు రెండూ ఒకే మనిషి దగ్గర, ఒకే బ్యాగులో ఉంచకండి. పైన చెప్పిన నా బంకు కథ రెండు కీలు ఉన్నప్పుడు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. డ్రైవర్ దిగిపోయినా పక్క సీట్లో ఉన్న మనిషి హ్యాండ్‌బ్యాగులోని కీ చూసి కారు బీప్ కూడా అనదు, తర్వాత ఆ మనిషీ దిగిపోతుంది. కీ దూరమైనా నడుస్తున్న ఇంజను ఆగదు. రోడ్డు మధ్యలో ఆగితే ప్రమాదం కాబట్టి కావాలనే అలా చేశారు. ఎవరినైనా దింపిన ప్రతిసారీ బీప్ వినిపిస్తే మీటర్ల వైపు ఒక్కసారి చూడండి. అందుకే ప్రయాణంలో స్పేర్ కీకి బ్యాటరీ ఉండకూడదని నా పట్టుదల. అది ఉన్నా కారుకి కనబడదు, ఎవరి దగ్గర అసలు కీ ఉందన్నది ఎప్పుడూ స్పష్టంగా ఉంటుంది.

ఈతకి దిగేవాళ్లు, కొండ ఎక్కేవాళ్లు స్మార్ట్ కీని వెంట తీసుకెళ్లి తడిపేస్తుంటారు. చాలా కీలు చినుకులకి తట్టుకుంటాయి, నీళ్లలో మునిగితే తట్టుకోవు. మునిగితే వెంటనే బ్యాటరీ తీసి పూర్తిగా ఆరనివ్వండి.

ఫోన్ ఉందిగా అంటారా? ఉంటే మంచిదే. యాప్‌తో తలుపు తీయాలంటే కారుకీ మీ ఫోన్‌కీ రెండింటికీ నెట్‌వర్క్ ఉండాలి, బేస్‌మెంట్ పార్కింగ్‌లో అది దొరకదు. ఎన్ఎఫ్‌సీతో, అంటే ఫోన్‌ని దగ్గరగా ఆనిస్తే పనిచేసే తక్కువ దూరపు రేడియోతో, నడిచే డిజిటల్ కీకి ఆ గొడవ లేదు. ఐఫోన్లలో కొన్ని చార్జింగ్ అయిపోయి ఆగిపోయాక కూడా అయిదు గంటల దాకా దానితో తలుపు తీయగలవని యాపిల్ చెబుతోంది. మీ కారుకి ఎన్ఎఫ్‌సీ కార్డు ఇచ్చి ఉంటే అదే అసలైన స్పేర్ కీ. బ్యాటరీ లేదు, పర్సులో పడుతుంది. కానీ ఫోన్, పర్సు, కీ మూడూ ఒకే బ్యాగులో ఉండి ఆ బ్యాగు పోయిన రోజు సంగతి కూడా ఆలోచించుకోవాలి.

బ్యాటరీ మార్చడం

ఎక్కువ కీల్లో ఉండేది సీఆర్2032. ఆ అంకెల్లోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్2025 అయితే 2.5, సీఆర్2450 అయితే 24.5 వెడల్పు, 5 మందం. అన్నీ 3 వోల్టులే. మందం తక్కువది పెడితే వదులై పనిచేసీ చేయనట్టుంటుంది, ఎక్కువది పెడితే మూత పట్టదు. పాతదాని మీద ఏముందో అదే తెండి.

తాళంచెవి తీసిన చోటే చిన్న సందు ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి అందులో పెట్టి తిప్పితే కీ రెండు చిప్పలుగా విడిపోతుంది. ప్లస్ గుర్తు ఏ వైపుందో తీయకముందే చూసుకోండి. కొత్తదాన్ని అంచులు పట్టుకుని పెట్టండి, బ్యాటరీ చదునైన వైపుల మీద వేళ్ల జిడ్డు అంటకూడదు. చిప్పల మధ్య సన్నటి రబ్బరు చుట్ట ఉంటే యథాస్థానంలో కూర్చోబెట్టండి, చెమ్మని ఆపేది అదే. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని బ్యాటరీలకి చేదు పూత పూస్తారు. ఆ పూత వల్ల కొన్ని పరికరాల్లో కాంటాక్ట్ సరిగా ఉండదు. కొత్త బ్యాటరీ వేసినా కీ పలకకపోతే పూత లేనిది వేసి చూడండి.

తీసిన పాత బ్యాటరీని టేబుల్ మీద వదిలేయకండి. బటన్ సెల్ మింగిన పిల్లలకి రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత ప్రమాదం ఉంది. అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నాలు మాని నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. స్పేర్ కీ పక్కన పెట్టే కొత్త బ్యాటరీకీ ఇదే జాగ్రత్త.

ఒకే కీ మిగిలితే

వాయిదా వేయకండి. పనిచేసే కీ ఒకటి చేతిలో ఉండగా రెండోది చేయించడం వేరు, ఉన్నదీ పోయాక చేయించడం వేరు. కీ ఏదీ లేకపోతే కారుని లాగించుకుని తీసుకెళ్లాలి, ఓనరు మీరేనని కాగితాలు చూపించాలి, కొన్ని మోడళ్లలో కంట్రోల్ యూనిట్ మార్చే దాకా పోతుంది. ఖర్చూ రోజులూ రెండూ పెరుగుతాయి.

బయట ఖాళీ కీ కొని ప్రోగ్రామ్ చేయించుకోవాలంటే చూడటానికి ఒకేలా ఉంటే సరిపోదు. ఫ్రీక్వెన్సీ, చిప్ రకం, పార్ట్ నంబరు మూడూ కలవాలి. వేరే కారులో వాడిన కీ చవగ్గా దొరికిందని ఎవరైనా అంటే జాగ్రత్త. చాలా చిప్‌లు ఒకసారి ఒక కారుకి కట్టుబడ్డాక ఇంకో కారుకి మారవు. ప్రోగ్రామింగ్‌కి వెళ్లేటప్పుడు ఉన్న కీలన్నీ తీసుకెళ్లండి. కొన్ని కార్లలో కొత్తది ఎక్కించేటప్పుడు పాతవన్నీ చెరిపి, ఎదురుగా ఉన్నవాటినే తిరిగి నమోదు చేస్తారు. ఇంట్లో వదిలేసిన కీ ఆ దెబ్బతో చెల్లకుండా పోతుంది. బయటికి వచ్చేముందు కొత్త కీతో మూడు పనులూ చేసి చూడండి: బటన్‌తో తెరవడం, తాళంచెవితో తెరవడం, బ్యాటరీ తీసి ఆనించి స్టార్ట్ చేయడం. మూడోది చేస్తుంటే అక్కడివాళ్లు వింతగా చూస్తారు, ఫర్వాలేదు.

ఆ తర్వాత ఆరునెలలకోసారి స్పేర్ కీ బయటికి తీసి తలుపు తాళం తిప్పి, స్టార్ట్ చేసి మళ్లీ లోపల పెట్టడమే. నేను దీన్ని టైర్లలో గాలి చూసుకునే రోజుకి ముడిపెట్టుకున్నాను, లేకపోతే గుర్తుండదు.

ఇప్పుడు నా స్పేర్ కీ తమ్ముడి ఇంట్లో ఉంది, మూతున్న చిన్న డబ్బాలో, పక్కన చింపని బ్యాటరీ, నాలుగు మడతల చీటీ. బావ వచ్చినప్పుడు మాత్రం స్టేషన్ దగ్గర కారు దిగేముందు జేబులు ఖాళీ చేసి చూపించమంటున్నాను.